పేరు తీసేశారు, పానీయం అలాగే ఉంది

తిరుపతిలో ఆసుపత్రుల ఎదుట వరసగా ఉండే మందుల షాపుల్లో దేనికైనా వెళ్లి, బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి, ఓఆర్‌ఎస్ ఇవ్వండి అని అడిగితే 2025 చివరి దాకా రెండు రకాల సరుకు చేతికి వచ్చే వీలుండేది. ఒకటి పొడి ప్యాకెట్టు. లీటరు నీళ్లలో కలపాలి. రుచి ఉప్పుప్పగా ఉంటుంది, పిల్లలు మొహం తిప్పుకుంటారు. రెండోది రంగురంగుల అట్ట డబ్బా. స్ట్రా గుచ్చి ఇస్తే ఆపిల్ రుచో నారింజ రుచో తగులుతుంది, పిల్లలు గటగటా తాగేస్తారు. రెండింటి మీదా కనిపించేవి ఆ మూడక్షరాలే. పొడి ప్యాకెట్టు మందు, ఔషధ చట్టం కింద తయారయ్యేది. అట్ట డబ్బాలోది పళ్లరసం కలిపిన తీపి పానీయం, ఆహార చట్టం కింద అమ్ముడయ్యేది. ఒకే అరలో పక్కపక్కన కూర్చున్న ఆ రెండింటి తేడా తల్లికి చెప్పడం ఎవరి పనో ఏళ్ల తరబడి ఎవరూ తేల్చలేదు.

పొడి ప్యాకెట్టులో ఉన్నది పెద్ద రహస్యం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కొలత ప్రకారం లీటరు నీటికి సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9, గ్లూకోజ్ 13.5 గ్రాములు. అంతా కలిపితే 20.5 గ్రాములు. అందులో గ్లూకోజ్ వేసింది తీపి కోసం కాదు. పేగు గోడలో సోడియం, గ్లూకోజ్ జంటగానే లోపలికి దారి చేసుకుంటాయి, వాటి వెనకాలే నీళ్లు వెళతాయి. ఆ జంట లెక్క తప్పి చక్కెర ఎక్కువైతే కథ తిరగబడుతుంది. పేగులో మిగిలిపోయిన చక్కెర ఒంట్లోని నీటిని పేగులోకి లాగుతుంది, విరేచనం ఆగకపోగా పెరుగుతుంది. ఓఆర్‌ఎస్ పేరుతో అమ్ముడైన పానీయాల్లో లీటరుకు 120 గ్రాముల దాకా చక్కెర ఉందని హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్ల పాటు చెబుతూ వచ్చారు. అంటే కావలసిన దానికి దాదాపు తొమ్మిది రెట్లు. ఆవిడ లేఖలు రాశారు, 2022లో తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు.

ఈ ఎనిమిదేళ్లలో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ, అంటే మన ప్యాకెట్ల మీద కనిపించే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, నడిచిన దారి గమనించదగ్గది. 2022 ఏప్రిల్‌లో ఆ పేరు వాడొద్దంది. జులై 14న మెత్తబడింది. ట్రేడ్‌మార్కులో భాగంగా ముందో వెనకో ఇంకో అక్షరం తగిలిస్తే ఓఆర్‌ఎస్ అని రాసుకోవచ్చు, కాకపోతే ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓఆర్‌ఎస్ కాదు’ అని ప్యాకెట్టు మీద ఒక ముక్క ముద్రించాలి అంది. 2024 ఫిబ్రవరి 2న ఇంకో ఉత్తర్వు. చివరికి 2025 అక్టోబరు 14న పాత అనుమతులన్నీ వెనక్కి తీసుకుంది. మర్నాడే ఇంకా స్పష్టంగా, ముందు అక్షరం తగిలించినా వెనక తగిలించినా ఆ పేరు వాడటం చట్ట ఉల్లంఘనే అని చెప్పింది. కంపెనీలు ఢిల్లీ హైకోర్టు తలుపు తట్టాయి. నవంబరు 19న రాష్ట్రాలకు ఆదేశం వచ్చింది, అంగళ్లలో, ఆన్‌లైన్‌లో ఉన్న సరుకు తీయించండని.

ఇది మంచి పని కాదని ఎవరూ అనరు. అయితే ఆ ఉత్తర్వు దేని గురించి మాట్లాడిందో ఒకసారి చూడాలి. పేరు గురించి మాట్లాడింది. ఆ డబ్బాలో లీటరుకు ఎంత చక్కెర ఉండొచ్చు అన్న దాని జోలికి పోలేదు. మూడక్షరాలు చెరిపేసుకుని, వేరే పేరు పెట్టుకుని, అదే తీపి అదే అరలో అమ్ముకుంటే ఆ ఉత్తర్వు దృష్టిలో తప్పేమీ లేదు. గత రెండు మూడేళ్లలో ఆహార లేబుళ్ల మీద ప్రభుత్వం తీసుకున్న చర్యలను దగ్గర పెట్టుకుని చూస్తే ఇదే తీరు కనిపిస్తుంది. మాటను వెంటాడి పట్టుకుంటున్నారు. మోతాదును మాత్రం ప్యాకెట్టు ముందుకు తెప్పించలేకపోతున్నారు.

చట్టం బలహీనంగా ఉందని అనుకోవడానికి లేదు. 2006 ఆహార భద్రత చట్టంలో 24వ సెక్షన్ తప్పుదోవ పట్టించే ప్రకటనను నిషేధిస్తుంది. 53వ సెక్షన్ దానికి 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయమంటుంది. దాని కింద 2018లో వచ్చిన ప్రకటనలు, క్లెయిముల నిబంధనలు 2019 జులై 1 నుంచి అమల్లో ఉన్నాయి. అవి చదివితే ఆశ్చర్యం వేస్తుంది, అంత వివరంగా ఉంటాయి. ‘షుగర్ ఫ్రీ’ అనాలంటే 100 గ్రాముల్లో చక్కెర అర గ్రాము దాటకూడదు. ‘లో షుగర్’ అంటే గట్టి పదార్థంలో 5 గ్రాములు, ద్రవంలో 2.5 గ్రాములు. ‘లో ఫ్యాట్’ అంటే 3 గ్రాములు, 1.5 గ్రాములు. డాక్టర్లు సిఫార్సు చేసిన ఆహారం అని రాయకూడదు. జబ్బు నయం చేస్తుందని, రాకుండా ఆపుతుందని అసలే రాయకూడదు. ఇంట్లో చేసింది అనే అర్థం వచ్చే ‘హోమ్ మేడ్’ కూడా కుదరదు. తిరుపతి వీధుల్లో ఈ ఒక్క నియమం సరిగ్గా అమలైతే పచ్చళ్ల సీసాల మీద సగం లేబుళ్లు మళ్లీ అచ్చు వేయించుకోవాలి.

‘నేచురల్’, ‘ప్యూర్’, ‘ట్రెడిషనల్’, ‘రియల్’ లాంటి మాటలకు కూడా షరతులున్నాయి. ఇక్కడే ఒక కిటికీ తెరిచి పెట్టారు. ఆ మాట కంపెనీ బ్రాండ్ పేరులోనే ఉంటే వాడుకోవచ్చు. కాకపోతే ‘ఇది బ్రాండ్ పేరు మాత్రమే, సరుకు అసలు స్వభావాన్ని తెలపదు’ అని కనీసం 3 మిల్లీమీటర్ల అక్షరాల్లో రాయాలి. ముందు వైపు అరచేతి మందం అక్షరాలతో ఒక అబద్ధం, ఏదో మూల బియ్యపు గింజంత అక్షరాలతో దానికి సవరణ. ఓఆర్‌ఎస్ విషయంలో 2022 జులైలో ఇచ్చిన వెసులుబాటు కూడా ఈ బాపతే. మూడేళ్ల తర్వాత దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చిందంటే ఆ చిన్న అక్షరాల సవరణ పనిచేయలేదనే అర్థం.

రాగి బిస్కట్టు లోపల

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో రాగి గురించి ఎవరికీ పాఠం చెప్పనక్కర్లేదు. సంగటి తిని పెరిగిన ఊళ్లు ఇవి. అందుకే ఇక్కడి అంగట్లో ‘రాగి’ అన్న మాట ఒక్కటి కనిపిస్తే చాలు, ప్యాకెట్టు బుట్టలో పడిపోతుంది. అలాంటి బిస్కట్టు ప్యాకెట్టు ఒకదాన్ని ఊహించుకుందాం. ముందు వైపు రాగి కంకి బొమ్మ, కింద ‘రాగుల శక్తి, కాల్షియం మేలు’. వెనక్కి తిప్పితే పదార్థాల జాబితా. ఈ జాబితా రాసే పద్ధతికి ఒక నియమం ఉంది. ఏది ఎక్కువ బరువు ఉంటే అది ముందు రాయాలి. ఇలాంటి ప్యాకెట్లలో మొదట రాసి ఉండేది తరచుగా ‘రిఫైన్డ్ వీట్ ఫ్లోర్’. పేరు గొప్పగా ఉన్నా అది మన మైదాయే. తర్వాత చక్కెర, ఆ తర్వాత పామాయిల్, వాటి వెనకాల రాగి పిండి. ప్యాకెట్టు మీద గొప్పగా చెప్పుకున్న పదార్థం ఎంత శాతం ఉందో చెప్పి తీరాలన్న నియమం కూడా ఉంది కాబట్టి పక్కనే ఒక అంకె ఉంటుంది. 9 శాతం అనుకుందాం.

ఇప్పుడు లెక్క. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 1000 మిల్లీగ్రాములు. రాగి సంగటి తినేవాడికి ఇది నిజంగా పెద్ద ఆస్తి. మరి ఆ బిస్కట్టులో? 9 గ్రాముల రాగికి 33 మిల్లీగ్రాములు. అది కూడా 100 గ్రాములు, అంటే ప్యాకెట్టు మొత్తం తింటే. దాంతో పాటు కడుపులోకి పోయే చక్కెర ఇరవై, పాతిక గ్రాములు. ముందు వైపు బొమ్మ అబద్ధం కాదు, లోపల రాగి ఉంది. వెనక వైపు అంకె అబద్ధం కాదు, 9 శాతమని ఒప్పుకున్నారు. రెండూ నిజమే. కొన్నవాడు మాత్రం మోసపోయాడు. ఇలాంటి చోట ఆహార భద్రత అధికారి ఏ సెక్షన్ కింద పట్టుకోవాలి?

జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో ఈ సంగతే హెచ్చరించింది. పండు గుజ్జు కొద్దిగా ఉన్నా పండుతో చేసిందని రాసుకోవచ్చు, షుగర్ ఫ్రీ అన్నదాంట్లో కొవ్వులు, మైదా, వేరే పేరుతో దాగిన చక్కెరలు ఉండొచ్చు, చూసి కొనండి అంది. ఒక ప్రభుత్వ సంస్థ చూసుకోండని చెబుతుంటే, ఇంకో ప్రభుత్వ సంస్థ నిబంధనల ప్రకారం ఆ ప్యాకెట్టు చట్టబద్ధం. అదే ఇక్కడి తమాషా.

బెల్లం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చిత్తూరు బెల్లానికి పెద్ద మార్కెట్టు. ‘చక్కెర వేయలేదు, బెల్లంతో చేశాం’ అని లడ్డూల ప్యాకెట్ల మీద, మాల్ట్ డబ్బాల మీద, ఆరోగ్య మిక్స్‌ల మీద రాస్తారు. తెల్ల చక్కెర వేయలేదన్న అర్థంలో నిజమే. ‘నో యాడెడ్ షుగర్’ అని రాయడం మాత్రం తప్పు. నిబంధనల్లో చక్కెర చేర్చలేదు అంటే ఏ రకం చక్కెరా చేర్చలేదని. తేనె, మొలాసిస్ కూడా అందులోకే వస్తాయి. బెల్లంలో అధిక భాగం చక్కెరలో ఉండే సుక్రోజే. ఇనుము కొద్దిగా ఉంటుంది, రుచి ఉంటుంది, షుగర్ పేషెంటు ఒంట్లో చేసే పని దాదాపు ఒకటే. అంతకంటే గమ్మత్తైన నియమం ఇంకొకటి ఉంది. ఎంజైముల సాయంతో పిండి పదార్థాన్ని చక్కెరగా మార్చి తీపి తెచ్చినా ‘చక్కెర చేర్చలేదు’ అనకూడదు.

ఏ2 నెయ్యి, అయిదు రోజుల ఉత్తర్వు

పుంగనూరు ఆవు పేరు ఇప్పుడు దేశమంతా తెలుసు. ఉమ్మడి చిత్తూరు జిల్లా పొట్టి ఆవు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి వాటికి మేత వేస్తున్న ఫొటో వచ్చాక గిరాకీ ఇంకా పెరిగింది. దేశవాళీ ఆవుల పాలకు, పెరుగుకు, నెయ్యికి ‘ఏ2’ అని రాసి మామూలు ధరకు రెండు మూడు రెట్లు చెప్పడం ఇప్పుడు ఆర్గానిక్ షాపుల నుంచి ఇన్‌స్టాగ్రామ్ అమ్మకాల దాకా మామూలైపోయింది.

ఏ2 అనేది గాల్లోంచి పుట్టిన మాటేమీ కాదు. పాలలో బీటా కేసీన్ అనే ప్రోటీను ఉంటుంది. దాని నిర్మాణంలో ఒక చోట చిన్న తేడాతో ఏ1, ఏ2 అని రెండు రకాలున్నాయి. మన దేశవాళీ ఆవుల్లో, గేదెల్లో ఎక్కువగా ఏ2 ఉంటుంది. అంతవరకు శాస్త్రమే. ఆ తేడా మనిషి ఆరోగ్యంలో ఎంత తేడా తెస్తుందన్నది ఇంకా వాదనలో ఉంది. నెయ్యి సంగతికి వస్తే వాదన కూడా అక్కర్లేదు. నెయ్యి అంటే వెన్న కాచి నీళ్లు, గసి తీసేయగా మిగిలిన కొవ్వు. ప్రోటీను దాదాపు అంతా ఆ గసిలోనే పోతుంది. లేని ప్రోటీనులో ఏ1 ఏమిటి, ఏ2 ఏమిటి? ఇంటి వెనక పొయ్యి మీద వెన్న కాచిన ఏ ముసలమ్మకైనా గసి ఎక్కడ మిగులుతుందో తెలుసు. అడగలేదు కాబట్టి చెప్పలేదంతే.

2024 ఆగస్టు 21న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఈ ముక్కే చెప్పింది. ఏ1, ఏ2 తేడా ప్రోటీను నిర్మాణానికి సంబంధించింది, కొవ్వు ఉత్పత్తుల మీద అలా రాయడం తప్పుదోవ పట్టించడమే, తీసేయండి, అచ్చువేసిన ప్యాకెట్లు అయిపోవడానికి ఆరు నెలల గడువు అంది. అయిదు రోజులు గడిచాయి. ఆగస్టు 26న ఆ ఉత్తర్వునే వెనక్కి తీసుకుంది. సంబంధిత వర్గాలతో ఇంకా సంప్రదించాలట. నెయ్యిలో ప్రోటీను ఉందా లేదా అన్నది సంప్రదింపులతో తేలే విషయమా అన్న ప్రశ్నకు ఆ కాగితంలో జవాబు లేదు. పాల మీద ఏ2 అని రాయాలా వద్దా అన్న దాని మీద చర్చ జరగొచ్చు, రైతుకు కూడా అందులో కొంత న్యాయం ఉంది. దేశవాళీ ఆవు పాలు తక్కువ ఇస్తుంది, మేపడానికి ఖర్చు అంతే. నెయ్యిని మాత్రం దాంతో కలిపి కట్టకుండా విడిగా తేల్చేసి ఉండాల్సింది.

ఒక మాట. 2024 సెప్టెంబరులో శ్రీవారి లడ్డూ నెయ్యి వివాదం వచ్చినప్పటి నుంచి తిరుపతి టీ కొట్లలో ల్యాబ్ రిపోర్టు, శాంపిల్, కల్తీ అనే మాటలు నిత్యం నలుగుతున్నాయి. కల్తీ వేరు, తప్పుడు గొప్ప వేరు. ఏ2 అని రాసిన నెయ్యి నూటికి నూరు పాళ్లు అసలైన ఆవు నెయ్యే కావొచ్చు. ల్యాబ్‌లో అన్ని పరీక్షలూ నెగ్గొచ్చు. తప్పు డబ్బా మీదే ఉంది.

మామిడి బొమ్మ, మామిడి గుజ్జు

పండ్ల రసాల మీద 2024 జూన్‌లో వచ్చిన ఉత్తర్వు కాస్త గట్టిదే. గాఢ రసానికి నీళ్లు కలిపి మళ్లీ రసంగా చేసిన దాన్ని ‘100 శాతం పండ్ల రసం’ అనకూడదని, చేర్చిన తీపి కిలోకు 15 గ్రాములు దాటితే ‘స్వీటెన్డ్ జ్యూస్’ అని రాయాలని చెప్పింది. 2025 మే 28న అసలు ‘100 శాతం’ అనే మాటే వాడొద్దని ఇంకో సలహా. నూనెలు, తేనె, పిండి, అన్నింటికీ. పండ్ల రసాల ఉత్తర్వు మీద ఒక కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది.

చిత్తూరుకు దగ్గరగా తగిలేది రసం కన్నా ‘ఫ్రూట్ డ్రింకు’. నిబంధనల ప్రకారం ఫ్రూట్ డ్రింకు అనిపించుకోవడానికి పండు కనీసం 10 శాతం ఉంటే చాలు. నిమ్మ అయితే 5 శాతమే. డబ్బా మీద మామిడి బొమ్మ ఎంత పెద్దదైనా వేసుకోవచ్చు. ఈ డ్రింకుల్లోకి పోయే గుజ్జులో చాలా భాగం ఇక్కడి తోతాపురిదే. 2025 జూన్, జులైలో ఆ తోతాపురి ధర ఎంత పడిపోయిందో జిల్లా జనానికి గుర్తే. పల్ప్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. కిలోకు ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4, మొత్తం 12 రూపాయలు రైతుకు దక్కాలని ప్రభుత్వం నిర్ణయించింది. కాయలో సగానికి అటూఇటూ గుజ్జు వస్తుందనుకుంటే, 10 శాతం గుజ్జున్న లీటరు డ్రింకులోకి పోయేది పావు కిలో లోపు కాయ. ఆ 12 రూపాయల ధరకే చూసినా రెండున్నర రూపాయల మామిడి. మిగతాది నీళ్లు, చక్కెర, వాసన, రంగు, బొమ్మ. లేబుల్ మీద గుజ్జు శాతాన్ని బొమ్మ పక్కనే అదే సైజులో వేయిస్తే కొనేవాడికే కాదు, కాయ తెచ్చి ట్రాక్టరు మీద రాత్రంతా కాపలా కాసిన వాడికి కూడా లాభమే. 10 అని పెద్దగా వేసుకోవడానికి ఏ కంపెనీకైనా కొంచెం సిగ్గనిపిస్తుంది.

‘హెల్త్ డ్రింకు’ గొడవ అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా. 2024 ఏప్రిల్ 10న కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకం సంస్థలకు లేఖ రాసింది, బోర్నవిటా సహా పానీయాలను ‘హెల్త్ డ్రింక్స్’ వర్గం నుంచి తీసేయండని. జాతీయ బాలల హక్కుల కమిషన్ విచారణలో తేలింది ఏమిటంటే, ఆహార చట్టంలో హెల్త్ డ్రింకు అనేదానికి నిర్వచనమే లేదు. నిర్వచనం లేని మాటతో రెండు తరాల పిల్లలు పెరిగారు. అదే నెలలో హార్లిక్స్ తన వర్గం పేరును ‘ఫంక్షనల్ న్యూట్రిషనల్ డ్రింక్స్’గా మార్చుకుంది. ఒక మాట పోయింది, ఇంకో మాట వచ్చింది. రెండోది ఇంకా డాక్టరు మాటలా వినిపిస్తుంది.

ఫిర్యాదు జిల్లా దాకా వస్తే

ఢిల్లీలో ఉత్తర్వు వెలువడటం ఒక ఎత్తు. దాన్ని తిరుపతి గాంధీరోడ్డు అంగట్లోనో, పీలేరు బస్టాండు పక్క కొట్లోనో అమలు చేయడం ఇంకో ఎత్తు. పని చేయాల్సింది జిల్లా ఆహార భద్రత అధికారి. ఆయన నమూనా తీస్తే నాలుగు భాగాలు చేయాలి. ఒకటి ఫుడ్ అనలిస్టుకు పోతుంది, రెండు పై అధికారి దగ్గర ఉంటాయి, నాలుగోది అమ్మేవాడు కోరితే గుర్తింపు పొందిన ల్యాబ్‌కు. అనలిస్టు 14 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. నివేదికలో ప్రమాదకరం అని రాస్తే క్రిమినల్ కేసు. నాసిరకం అంటే 5 లక్షల దాకా, మిస్‌బ్రాండెడ్, అంటే లేబుల్ తప్పుదోవ పట్టించేది, అయితే 3 లక్షల దాకా జరిమానా. ఈ జరిమానా కేసుల్లో తీర్పు చెప్పేది కోర్టు కాదు, జాయింట్ కలెక్టర్. భూముల గొడవలు, ధాన్యం కొనుగోళ్లు, రేషను పంపిణీ చూసుకునే బల్ల మీదికే ఈ ఫైళ్లు కూడా వస్తాయి.

ఈ వల ఎవరికి తగులుతుందో ఊహించడం కష్టం కాదు. డ్వాక్రా మహిళలు చేసే రాగి మాల్ట్, గానుగ దగ్గర సీసాల్లో నింపే శెనక్కాయల నూనె, ఇంట్లోంచి అమ్మే నువ్వుల లడ్డు. వీటి లేబుళ్లు చాలావరకు పక్క వీధి ప్రింటింగ్ ప్రెస్సులో పెద్ద కంపెనీ డబ్బాను చూసి రాయించుకున్నవే. ‘షుగర్, బీపీ తగ్గును, మోకాళ్ల నొప్పులు పోవును’ అని పచ్చి తెలుగులో రాసేస్తారు. జబ్బు నయమవుతుందని రాయడం కాబట్టి ఇది నేరుగా నిషేధం కిందకి వస్తుంది, పట్టుకోవడం తేలిక. ‘కొలెస్ట్రాల్ లేని శెనక్కాయల నూనె’ అని రాసుకుంటారు. చెట్టు నుంచి, గింజ నుంచి వచ్చే ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు, ఇందులో గొప్పేమిటి అన్నది వాళ్లకు ఎవరూ చెప్పలేదు. పెద్ద కంపెనీల లేబుల్ రాసేవాళ్లకు లాయర్లుంటారు. ‘షుగర్ తగ్గును’ అని వాళ్లెప్పుడూ రాయరు. ‘చురుకైన జీవనానికి తోడు’ అని రాస్తారు. దాని మీద ఏ సెక్షనూ పనిచేయదు. పనిచేసినా హైకోర్టు ఉంది, స్టాకు అయిపోవడానికి గడువు ఉంది. ఒక టీవీ ప్రకటన ఖర్చు ముందు 10 లక్షల జరిమానా ఏ మూలకు? మాల్ట్ అమ్మే మహిళా సంఘానికి మాత్రం అందులో పదోవంతు పడినా మూత పడినట్టే.

తప్పుగా అర్థం చేసుకునే ఇంకో విషయం ఆ 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు. అది ఉంటే ప్రభుత్వం పరీక్షించి మంచిదన్నట్టే అని చాలామంది అనుకుంటారు. అది వ్యాపారానికి ఇచ్చిన లైసెన్సు లేదా రిజిస్ట్రేషను. ప్యాకెట్టు మీద రాసిన గొప్పలకు పూచీకత్తు కాదు. సేంద్రియం అన్నదానికి ‘జైవిక్ భారత్’ గుర్తు వేరే ఉంది. నంబరు చూసి సేంద్రియం అనుకోవడం కూడా ఈ లెక్కలోదే.

భాష సంగతి తెలుగువాళ్లు ఎందుకో పట్టించుకోలేదు. లేబుల్ మీద తప్పనిసరి వివరాలు ఇంగ్లిషులోగానీ, దేవనాగరి హిందీలోగానీ ఉండాలని నిబంధన. తెలుగు ఐచ్ఛికం. కాబట్టి టీవీలో, బస్టాండు హోర్డింగు మీద, ఒక్కోసారి ప్యాకెట్టు ముందు వైపు కూడా ఊరించేది తెలుగులో ఉంటుంది. ఎంత చక్కెర, ఎంత ఉప్పు, ఎంత మైదా అన్నది ఇంగ్లిషులో ఉంటుంది, అదీ భూతద్దం పెట్టుకుంటే తప్ప కనపడని అచ్చులో. మాల్టోడెక్స్‌ట్రిన్ అంటే ఏమిటో ఇంగ్లిషు వచ్చినవాళ్లకే తెలియదు, తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివిన తల్లికి ఎలా తెలుస్తుంది? ఫిర్యాదు చేయాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, ‘ఫుడ్ సేఫ్టీ కనెక్ట్’ యాప్ ఉంది. ప్యాకెట్టు ముందు వెనక ఫొటోలు, బ్యాచ్ నంబరు, బిల్లు దగ్గర ఉంచుకుంటే పని సాగుతుంది. బిల్లు అడిగితే మన అంగట్లో మనవైపు ఎలా చూస్తారో వేరే చెప్పక్కర్లేదు.

అసలు పరిష్కారం అనుకున్నది ప్యాకెట్టు ముందు వైపే పోషకాల హెచ్చరిక వేయించడం. దీని మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022 సెప్టెంబరులో ఒక ముసాయిదా తెచ్చింది. అర నక్షత్రం నుంచి అయిదు నక్షత్రాల దాకా ‘ఇండియన్ న్యూట్రిషన్ రేటింగ్’. అందులో చక్కెర, ఉప్పు, కొవ్వుకు మార్కులు కోస్తారు. పీచు, ప్రోటీను, పండ్లు, గింజలు, చిరుధాన్యాలు ఉంటే మార్కులు కలుపుతారు. ఇక్కడే మన రాగి బిస్కట్టు మళ్లీ నవ్వుతుంది. చక్కెర తగ్గించకుండా రాగి శాతం పెంచి కోల్పోయిన మార్కుల్లో కొన్ని వెనక్కి తెచ్చుకునే దారి దానికి దొరుకుతుంది. 2025 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యంలో ఈ విషయం తేల్చడానికి నిపుణుల కమిటీకి మూడు నెలల గడువిచ్చింది. జులైలో మరో మూడు నెలలు పొడిగించింది.

నక్షత్రాలకు ఎదురుగా డాక్టర్లు, వినియోగదారుల సంఘాలు చూపేది చిలీ దేశాన్ని. అక్కడ 2016 నుంచి మోతాదు మించిన ప్యాకెట్టు ముందు వైపు నల్లటి ఎనిమిది పలకల గుర్తు వేయాలి. చక్కెరకు ఒకటి, ఉప్పుకు ఒకటి, కొవ్వుకు ఒకటి. గట్టి పదార్థంలో 100 గ్రాములకు 10 గ్రాములు, ద్రవంలో 100 మిల్లీలీటర్లకు 5 గ్రాములు చక్కెర దాటితే గుర్తు పడాల్సిందే. రాగి కలిపావా, డాక్టరు ఫొటో వేశావా, పేరులో ఏ అక్షరాలున్నాయి అని ఆ గుర్తు అడగదు. ఆ కొలతే ఇక్కడా పెడితే పైన చెప్పుకున్న పాతిక గ్రాముల చక్కెర బిస్కట్టుకు రాగి కంకి పక్కనే ఒక నల్ల మచ్చ పడుతుంది. మూడక్షరాలు చెరిపేసుకుని మళ్లీ అరలోకి వచ్చిన డబ్బా మీద, లోపల 100 మిల్లీలీటర్లకు 12 గ్రాముల చక్కెర అలాగే ఉంటే, స్ట్రా గుచ్చే చోటికి దగ్గర్లో ఇంకొకటి.